ఎర్త్ పిన్నులోకి న్యూట్రల్ దూరితే

మూడు రంధ్రాల సాకెట్టులో పైనున్న పెద్ద రంధ్రం ఎర్త్‌ది. ఎదురుగా నిలబడి చూస్తే కింద కుడిచేతివైపు ఫేజు, ఎడమచేతివైపు న్యూట్రల్ ఉండాలి. ప్లగ్గులో ఎర్త్ పిన్ను మిగతా రెంటికన్నా పొడవుగా, లావుగా ఉండటం వెనక కూడా ఒక లెక్క ఉంది. గుచ్చేటప్పుడు అది అన్నిటికంటే ముందు తగలాలి, పీకేటప్పుడు అన్నిటికంటే చివర వదలాలి, పొరపాటున కూడా ఫేజు రంధ్రంలో పట్టకూడదు. ఇంత ఆలోచించి పెట్టిన ఆ రంధ్రం వెనక మన ఇళ్లలో ఏముంటుంది? కొన్నిచోట్ల సక్రమంగా భూమిలోకి దిగిన పచ్చ తీగ ఉంటుంది. చాలాచోట్ల ఏమీ ఉండదు, రంధ్రం అలంకారంగా మిగిలిపోతుంది. ఇంకొన్నిచోట్ల రెండంగుళాల తీగ ముక్క ఒకటి న్యూట్రల్ స్క్రూ నుంచి ఎర్త్ స్క్రూకి వంచి బిగించి ఉంటుంది. ఫ్రిజ్ ముట్టుకుంటే జివ్వుమంటోందని ఇంటివారు చెప్పినప్పుడు, ఎర్త్ గుంత లేని ఇంట్లో ఎలక్ట్రీషియన్ అయిదు నిమిషాల్లో పని ముగించే పద్ధతి ఇది. ఆ జంపర్ వేయగానే జివ్వుమనడం ఆగిపోతుంది, ఇంటివారు సంతోషిస్తారు. ఈ మూడింట్లోనూ ఎక్కువ ప్రమాదకరమైనది ఈ మూడోదే. దానికన్నా ఎర్త్ అసలు లేని ఇల్లే నయం. వినడానికి వింతగా ఉండే మాట కాబట్టి కారణాలు విడమరచి చెప్పుకోవాలి.

ముందు కరెంటు దారి చూద్దాం. వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్ 11 వేల వోల్టులను తీసుకుని 433 వోల్టులకు దించుతుంది. దాని లోపలి మూడు చుట్ల చివరలను ఒకచోట ముడివేస్తే వచ్చే బిందువే న్యూట్రల్. అక్కడి నుంచి ఏ ఫేజుకైనా కొలిస్తే మన ఇంటికి వచ్చే 230 వోల్టుల సరఫరా. కరెంటు ఫేజు తీగలో ఇంట్లోకి వచ్చి, గీజరులోనో ఫ్యానులోనో పని చేసి, న్యూట్రల్ తీగలో తిరిగి ఆ బిందువుకే చేరాలి. ఎంత బయలుదేరిందో అంత తిరిగి రావాలి. ఇక్కడ చాలామందికి ఉన్న అపోహ ఒకటి చెప్పుకోవాలి: భూమి కరెంటును పీల్చేసుకుంటుందన్నది. భూమి దేన్నీ పీల్చుకోదు. భూమిలోకి దిగిన కరెంటు కూడా మట్టిలోంచి ప్రయాణించి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర పాతిన ఎర్త్ ద్వారా అదే న్యూట్రల్ బిందువుకు చేరుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర న్యూట్రల్‌ని భూమికి కలిపారు గనుకనే ఆ దారి ఉంది. అంటే న్యూట్రల్, ఎర్త్ అక్కడ ఒకసారి కలుస్తాయి. అక్కడి నుంచి బయలుదేరాక రెంటి పనులు వేరు. న్యూట్రల్ రోజంతా కరెంటు మోస్తుంది. ఎర్త్ తీగ ఏళ్ల తరబడి ఖాళీగా ఉండి, ఏదో ఒకనాడు ఫేజు తీగ ఊడి ఫ్రిజ్ రేకుకు తగిలిన క్షణంలో మాత్రం పని చేస్తుంది. నేను చెప్పదలచుకున్నది ఇంతే: ఈ రెండూ మూలంలో ఒక్కసారి కలవాలి, ఇంట్లోగానీ పరికరంలోగానీ మరోసారి కలవకూడదు.

ఇక్కడ తెలివైన పాఠకుడు ఒక ప్రశ్న వేస్తాడు. అసలు న్యూట్రల్‌ని భూమికి కలపడం వల్లే కదా నేల మీద నిలబడి ఫేజు ముట్టుకున్నవాడికి షాక్ కొడుతోంది, కలపకుండా వదిలేస్తే భూమి మీదుగా తిరుగు దారే ఉండదు, షాకూ ఉండదు కదా అని. సిద్ధాంతపరంగా నిజమే. ఆస్పత్రుల ఆపరేషన్ థియేటర్లలో విడి ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి సరిగ్గా ఇలాగే సరఫరా ఇస్తారు. నార్వేలో చాలా ప్రాంతాల సరఫరా కూడా చిరకాలంగా న్యూట్రల్‌ని నేరుగా భూమికి కలపని పద్ధతిలో నడిచింది. అయితే ఆ పద్ధతికి ఒక షరతు ఉంది. ఎక్కడైనా ఒక తీగ భూమికి తగిలితే వెంటనే కనిపెట్టి సరిచేసే యంత్రాంగం ఉండాలి. ఆపరేషన్ థియేటర్‌లో అందుకోసం ప్రత్యేకంగా ఇన్సులేషన్ మీటరు, అలారం ఉంటాయి. మన వీధిలో ఒక ట్రాన్స్‌ఫార్మర్ మీద వందల ఇళ్లు, కిలోమీటర్ల తీగలు, వాటి మీద వాలే వేపకొమ్మలు ఉంటాయి. మొదటి తీగ భూమికి తగిలినప్పుడు ఎవరికీ తెలియదు, ఏ ఫ్యూజూ పోదు. ఆ క్షణం నుంచి మిగతా రెండు ఫేజుల మీద భూమితో పోలిస్తే నాలుగు వందల వోల్టులు కూర్చుంటాయి. పైగా ట్రాన్స్‌ఫార్మర్ లోపల ఎప్పుడైనా 11 వేల వోల్టుల చుట్ట కింది చుట్టకు తగిలితే, భూమి లంగరు లేని వ్యవస్థలో ఆ వోల్టేజి ఇళ్లలోకి వచ్చేస్తుంది. న్యూట్రల్‌ని ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర గట్టిగా భూమికి కట్టేయడం అందుకే. ఆ ఒక్క ముడి అనవసరమని చెప్పడానికి వీల్లేదు. తగాదా అంతా రెండో ముడితోనే.

ప్రమాదం అంటే ఎంత కరెంటు అన్నది తెలిస్తే తర్వాతి లెక్కలు అర్థమవుతాయి. ఒక మిల్లీఆంపియర్ దగ్గర చర్మానికి జివ్వుమని తెలుస్తుంది. పది దాటే సరికి చేతి కండరాలు బిగుసుకుపోయి పట్టుకున్నదాన్ని వదలలేని స్థితి వస్తుంది. యాభై, వంద మిల్లీఆంపియర్లు ఛాతీ మీదుగా ఒక సెకను పాటు పోతే గుండె లయ తప్పి కొట్టుకోవడం మానేయవచ్చు. తడి చేతులతో, చెప్పుల్లేని కాళ్లతో ఉన్న మనిషి నిరోధం వెయ్యి ఓమ్‌ల దరిదాపుల్లో ఉంటుంది. 230 వోల్టులను వెయ్యితో భాగిస్తే 230 మిల్లీఆంపియర్లు. ఇంట్లో ఉండే 16 ఆంపియర్ల ఎంసీబీ దీన్ని గుర్తించను కూడా గుర్తించదు. మనిషి ప్రాణం తీసే కరెంటు దాని కంటికి చిన్న బల్బు వెలిగినంత. ఎంసీబీ తీగలు కాలిపోకుండా కాపాడటానికి పెట్టినది. దేశంలో విద్యుదాఘాతంతో మరణిస్తున్నవారు ఇటీవలి ఏళ్లలో ఏటా 12 వేలకు పైగానే ఉన్నారని జాతీయ నేర గణాంకాల సంస్థ నివేదికలు చెబుతున్నాయి.

ఇప్పుడు జంపర్ దగ్గరికి వద్దాం. దాన్ని వేసిన ఎలక్ట్రీషియన్‌ని మూర్ఖుడనడం అన్యాయం. అతని తర్కంలో సగం నిజముంది. ఫ్రిజ్ లోపల ఫేజు తీగ రేకుకు తగిలిందనుకోండి, జంపర్ ఉంటే ఆ కరెంటు నేరుగా న్యూట్రల్‌లోకి దూకుతుంది, వందల ఆంపియర్లు పోతాయి, ఎంసీబీ టక్కున పడిపోతుంది. నిజమైన ఎర్త్ గుంత కన్నా కూడా ఇది చురుగ్గా పని చేస్తుంది. చిక్కంతా న్యూట్రల్ ఎప్పుడూ న్యూట్రల్‌గానే ఉంటుందని నమ్మడంలో ఉంది. స్తంభం దగ్గర సర్వీసు వైరు కొక్కెం వదులవుతుంది, మీటరు దగ్గర స్క్రూ తుప్పు పడుతుంది, గాలివానకు అల్యూమినియం తీగ తెగుతుంది. ఫేజు తెగినా న్యూట్రల్ తెగినా ఇంట్లో వారికి కనిపించేది ఒకటే: లైట్లు ఆరిపోయాయి, కరెంటు పోయింది. కానీ న్యూట్రల్ తెగినప్పుడు ఫేజు ఇంట్లో సజీవంగానే ఉంది. స్విచ్చి వేసి ఉన్న ఏదో ఒక బల్బు గుండానో గీజరు గుండానో అది న్యూట్రల్ తీగలోకి వచ్చి ఆగుతుంది, ముందుకు పోవడానికి దారి లేదు. జంపర్ ఆ దారి చూపిస్తుంది. న్యూట్రల్ నుంచి ఎర్త్ స్క్రూకి, అక్కడి నుంచి ఫ్రిజ్ తలుపుకి, వాషింగ్ మెషీన్ రేకుకి, కూలర్ ఇనుప డబ్బాకి, గ్రైండరు బాడీకి. ఎవరో ఒకరు తడి చేత్తో తాకితే రెండు కిలోవాట్ల గీజరు గుండా పోయే కరెంటుకు ఆ మనిషి నిరోధం ఒక్కటే అడ్డు. గీజరు నిరోధం ఇరవై ఆరు ఓమ్‌లు, దాన్ని పట్టించుకోనక్కర్లేదు. కరెంటు పోయిందని ధైర్యంగా ఉన్న సమయంలోనే ఇంట్లోని ప్రతి లోహపు వస్తువూ ఫేజు తీగ అయిపోతుంది. ఎర్త్ లేని ఇంట్లో ప్రమాదం రావాలంటే ఏదో ఒక పరికరం లోపల ఇన్సులేషన్ చెడాలి, అప్పుడు కూడా ఆ ఒక్క పరికరమే ప్రమాదకరం. జంపర్ ఇంట్లో అన్ని పరికరాలూ కొత్తవైనా, దోషం వీధిలో ఉన్నా, అన్నీ ఒకేసారి కరెంటు పట్టుకుంటాయి. అదే తేడా.

రెండో సందర్భం ఇంకా ఘోరం. గాలివాన తర్వాత స్తంభం మీద తీగలు మళ్లీ కట్టేటప్పుడో, సర్వీసు వైరు మార్చేటప్పుడో ఫేజు, న్యూట్రల్ తారుమారయ్యే అవకాశం ఎప్పుడూ ఉంటుంది. మామూలు ఇంట్లో ఇది జరిగితే ఫ్యాను తిరుగుతుంది, లైటు వెలుగుతుంది, ఎవరూ గమనించరు. స్విచ్చి ఆపినా బల్బు హోల్డరులో కరెంటు ఉండటం ఒక్కటే తేడా. జంపర్ వేసిన ఇంట్లో మాత్రం ఆ క్షణం నుంచి అన్ని లోహపు బాడీలూ నేరుగా 230 వోల్టుల ఫేజుకు కట్టేసినట్టే. మధ్యలో బల్బు అడ్డం కూడా లేదు. షార్ట్ సర్క్యూట్ లేదు కాబట్టి ఎంసీబీ పడదు. రెండు పిన్నుల ప్లగ్గుతో వచ్చే పాత పరికరాల బాడీని లోపలే న్యూట్రల్‌కి కలిపేసే మెకానిక్కులు కూడా ఉన్నారు. అక్కడ వీధిలో తప్పు జరిగేదాకా ఆగనక్కర్లేదు, ప్లగ్గు తిప్పి గుచ్చితే చాలు.

పైగా ఈ జంపర్ పరీక్షలను మోసం చేస్తుంది. మల్టీమీటరు పెట్టి ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య కొలిస్తే చక్కగా 230 చూపిస్తుంది. న్యూట్రల్‌కూ ఎర్త్‌కూ మధ్య సున్నా. సాకెట్టులో గుచ్చి చూసే చిన్న దీపాల టెస్టరు అన్నీ సక్రమమని పచ్చజెండా ఊపుతుంది. ఎర్త్ సరిగా ఉన్న ఇంట్లో న్యూట్రల్, ఎర్త్ మధ్య సాధారణంగా ఒకటి రెండు వోల్టులైనా కనిపిస్తాయి, న్యూట్రల్‌లో కరెంటు పోతోంది కదా. బరువైన పరికరాలు నడుస్తున్నప్పుడు కూడా ఖచ్చితంగా సున్నా చూపిస్తోందంటే అనుమానించాల్సిందే. మన దగ్గర ఎక్కువగా చేసే ఇంకో పరీక్ష ఫేజుకూ ఎర్త్‌కూ మధ్య వంద వాట్ల బల్బు వెలిగించడం. వెలిగితే ఎర్త్ బాగుందని తేల్చేస్తారు. వంద వాట్ల బల్బు నిరోధం దాదాపు 530 ఓమ్‌లు. ఎర్త్ గుంత నిరోధం యాభై ఓమ్‌లున్నా బల్బు వెలుగులో తేడా కంటికి ఆనదు. ఎర్త్ నిరోధం తెలియాలంటే ఎర్త్ టెస్టరుతో కొలవాలి, ఇంకో దారి లేదు.

ఇంత చెప్పినా ఒక బలమైన అభ్యంతరం మిగిలే ఉంటుంది. అమెరికాలో మెయిన్ ప్యానెల్‌లోనే న్యూట్రల్‌ని ఎర్త్‌తో కలుపుతారు, బ్రిటన్‌లో చాలా ఇళ్లకు సరఫరా సంస్థే న్యూట్రల్ నుంచి ఎర్త్ తీసి ఇస్తుంది, అక్కడ జనం చచ్చిపోతున్నారా అని. వాస్తవాలు సరైనవే. కానీ అక్కడ కలిపేది ఒకే చోట, ఇంట్లోకి రాగానే, ఎంసీబీలూ స్విచ్చులూ అన్నిటికీ ముందు. ఆ బిందువు దాటాక రెండు తీగలనూ మళ్లీ తాకించకూడదని అక్కడి నియమాలే కచ్చితంగా చెబుతాయి. న్యూట్రల్ తీగను దారి పొడవునా చాలాచోట్ల భూమిలోకి దించి ఉంచుతారు, ఒకచోట తెగినా మరోచోట పట్టు ఉండేలా. అయినా వాళ్లకు భయం పోలేదు. బ్రిటన్‌లో కారవాన్లకు ఆ రకం ఎర్త్ ఇవ్వడం నిషేధం, ఆరుబయట ఎలక్ట్రిక్ కార్ల చార్జింగ్‌కు ఇవ్వాలంటే అదనపు రక్షణలు కావాలి. న్యూట్రల్ తెగితే తడి నేల మీద నిలబడి కారు తలుపు ముట్టుకున్న మనిషి ఏమవుతాడో వాళ్లు లెక్క వేశారు.

అమెరికా కథ మన జంపర్‌కి ఇంకా దగ్గరిది. రెండో ప్రపంచ యుద్ధకాలంలో రాగి ఆదా చేయడం కోసం విద్యుత్ పొయ్యిల రేకును విడి ఎర్త్ తీగ లేకుండా న్యూట్రల్‌కే కలపడానికి అక్కడి విద్యుత్ కోడ్ అనుమతి ఇచ్చింది. యుద్ధం ముగిసింది కానీ మినహాయింపు మిగిలింది, తర్వాత బట్టలారబెట్టే డ్రయ్యర్లకూ పాకింది. దాదాపు అర్ధ శతాబ్దం తర్వాత, 1996 కోడ్‌తో కొత్త వైరింగులో దాన్ని రద్దు చేసి నాలుగు తీగలు తప్పనిసరి చేశారు. పాత ఇళ్లలో మూడు పిన్నుల డ్రయ్యర్ సాకెట్లు ఇప్పటికీ కనిపిస్తాయి. అలాంటి ఇల్లు కొనుక్కున్న తెలుగువారు కొత్త డ్రయ్యర్‌కి ఏ తీగ వేయాలో, వెనకున్న చిన్న కలుపు పట్టీని ఉంచాలో తీయాలో తయారీదారు పుస్తకంలో చదివి తెలుసుకోవాల్సి వస్తోంది. నాలుగు తీగలు వేసి పట్టీ తీయడం మరచిపోతే మళ్లీ రెండో ముడి పడినట్టే. యాభై ఏళ్లు నడిచింది కదా అనేవారు ఒక సంగతి గమనించాలి. అక్కడ ఆ మినహాయింపు లావుపాటి తీగకు, నేరుగా ప్యానెల్ నుంచి వచ్చే లైనుకు మాత్రమే ఇచ్చారు. మన జంపర్లు మూడు గదులు తిరిగి, నాలుగు బోర్డుల్లో లూపులు పడి వచ్చిన న్యూట్రల్ మీద వేస్తున్నాం.

సరే, జంపర్ తీసేసి ఎర్త్ గుంత తవ్విస్తే సరిపోతుందా? ఇక్కడ గుంతనే నమ్ముకున్నవారికి కూడా చేదు నిజం ఒకటి ఉంది. రెండున్నర మూడు మీటర్ల జీఐ పైపు పాతి, బొగ్గూ ఉప్పూ వేసి, గుంత నిరోధం పది ఓమ్‌లకు తెచ్చారనుకుందాం. కృష్ణా గోదావరి డెల్టా నల్లమట్టిలో ఇది కష్టం కాదు, హైదరాబాదు చుట్టుపక్కల రాతినేలలో మే నెలలో పది ఓమ్‌లంటే అదృష్టం. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఎర్త్ నిరోధం అయిదు ఓమ్‌లనుకోండి. ఫేజు తీగ ఫ్రిజ్ రేకుకు తగిలితే కరెంటు ఈ పదిహేను ఓమ్‌ల గుండా తిరగాలి. 230ని 15తో భాగిస్తే 15 ఆంపియర్ల పైచిలుకు. మీ ఎంసీబీ 16 ఆంపియర్లది. ఇళ్లలో ఎక్కువగా వాడే సీ రకం ఎంసీబీ తక్షణం పడాలంటే 80 నుంచి 160 ఆంపియర్లు కావాలి. కాబట్టి అది పడదు. ఫ్రిజ్ రేకు మీద 150 వోల్టులు అలాగే నిలబడి ఉంటాయి, ఎర్త్ సక్రమంగా ఉన్నా సరే. సొంత ట్రాన్స్‌ఫార్మర్ ఉండి, దాని న్యూట్రల్ బిందువు నుంచే విడి ఎర్త్ తీగ లాగిన పెద్ద అపార్ట్‌మెంట్లలో సంగతి వేరు. అక్కడ మట్టి దారి అవసరం లేదు, దారి నిరోధం ఒక ఓమ్ లోపే ఉంటుంది, ఎంసీబీ వెంటనే పడుతుంది. సొంత గుంత ఒక్కటే ఆధారమైన విడి ఇళ్లకు మాత్రం ఇంకొకటి తోడు కావాలి.

ఆ తోడు పేరు ఆర్‌సీసీబీ. కొందరు పాత అలవాటుగా ఈఎల్‌సీబీ అంటారు. అందులో ఫేజు, న్యూట్రల్ రెండూ ఒక ఇనుప వలయం గుండా దూరి వెళతాయి. వెళ్లిన కరెంటూ తిరిగొచ్చిన కరెంటూ సమానమైతే వలయంలో ఏమీ పుట్టదు. కొంత కరెంటు దారి తప్పి మనిషి గుండానో ఎర్త్ గుండానో పోతే ఆ తేడా వలయం చుట్టూ ఉన్న తీగచుట్టలో చిన్న కరెంటు పుట్టిస్తుంది, అది స్విచ్చిని పడగొడుతుంది. ఇళ్లకు వాడేది 30 మిల్లీఆంపియర్ల తేడాకు పడేది. ఎర్త్ గుంత నిరోధం 500 ఓమ్‌లు ఉన్నా దోషం వచ్చినప్పుడు అర ఆంపియర్‌కి కాస్త తక్కువగా కరెంటు పోతుంది, అది 30 మిల్లీఆంపియర్లకు పదిహేను రెట్లు. అంటే రాతినేల సమస్య కూడా దాదాపు తీరిపోతుంది. ఫ్రాన్సులో ఇళ్లకు మనలాగే సొంత ఎర్త్ పద్ధతే, వాళ్లు దానికి 30 మిల్లీఆంపియర్ల రక్షణను జత చేసి నడుపుతున్నారు.

మరి మన దగ్గర ఆర్‌సీసీబీ మీద ఉన్న ఫిర్యాదు ఏమిటంటే, ఊరికే పడిపోతోంది, విసుగొచ్చి తీయించేశాం అని. ఈ ఫిర్యాదే నా వాదానికి అన్నిటికన్నా గట్టి సాక్ష్యం. ఆర్‌సీసీబీ సాధారణంగా ఊరికే పడదు. దాని తర్వాత ఎక్కడో ఒక బోర్డులో న్యూట్రల్, ఎర్త్ కలిసి ఉంటే న్యూట్రల్‌లో తిరిగి రావాల్సిన కరెంటులో కొంత భాగం ఎర్త్ దారి పడుతుంది, తేడా వచ్చి స్విచ్చి పడుతుంది. లేదా ఒక లైను ఫేజుకు మరో లైను న్యూట్రల్ వాడి ఉంటారు. ఇన్వర్టర్ పెట్టినప్పుడు దాని న్యూట్రల్‌నీ మెయిన్ న్యూట్రల్‌నీ కలిపేయడం చాలా సాధారణమైన కారణం. ఇన్నేళ్లుగా గోడల్లో దాక్కున్న తప్పును ఆ పరికరం పట్టిస్తోంది. మనం తప్పును వదిలేసి దాన్ని తీసేస్తున్నాం. తేమ పట్టిన గీజరు ఎలిమెంటు, పాత ఫ్రిజ్ కంప్రెసర్ కూడా దాన్ని పడగొడతాయి, అవి కూడా బాగు చేయించాల్సినవే కదా. ఎర్త్ తీగలో రోజువారీ కరెంటు నడపడం ఆంబులెన్సు దారిలో సంత పెట్టడం లాంటిది.

ఆర్‌సీసీబీ అన్నిటికీ మందు కాదని కూడా చెప్పాలి. ఒక చేత్తో ఫేజు, మరో చేత్తో న్యూట్రల్ పట్టుకున్నవాణ్ని అది కాపాడలేదు, దానికి తేడా కనిపించదు. మీటరుకు ముందున్న సర్వీసు వైరు మీద దానికి అధికారం లేదు. వానాకాలంలో మన పత్రికల్లో తరచూ కనిపించే దండెం మరణాల్లో చాలావాటికి ఇదే మూలం: రేకుల షెడ్డుకో బట్టలారేసే ఇనుప తీగకో సర్వీసు వైరు ఒరుసుకుని పైతొడుగు అరిగిపోవడం. దానికి మందు ఇనుప తీగ బదులు నైలాను తాడు వాడటం, సర్వీసు వైరును రేకుకు ఆనకుండా కట్టించడం.

పల్లెల్లో ఇంకో అలవాటు ఉంది, జంపర్‌కి అద్దంలో బొమ్మ లాంటిది. వీధిలో న్యూట్రల్ బలహీనపడి లైట్లు మసకబారినప్పుడు, లేదా తెగిపోయినప్పుడు, బోరు కేసింగు పైపుకో భూమిలో దిగగొట్టిన ఇనుప కడ్డీకో తీగ కట్టి దాన్నే న్యూట్రల్‌గా వాడుకుంటారు. లైట్లు వెలుగుతాయి. కానీ ఆ ఇంటి కరెంటంతా ఇప్పుడు ఆ పైపు గుండా పోతోంది. పైపు నిరోధం పది ఓమ్‌లై, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర అయిదు ఉంటే, రెండు కిలోవాట్ల హీటరు వేసినప్పుడు పైపు మీద యాభై వోల్టులకు పైగా నిలబడతాయి. ఎండిపోయిన నేలలో అది వందకు పోతుంది. ఆ బోరు దగ్గరే బిందెలు నింపుకుంటారు, పశువులకు నీళ్లు పెడతారు. జంపర్ కూడా, నిజమైన గుంత కూడా ఉన్న ఇంట్లో వీధి న్యూట్రల్ తెగితే జరిగేది ఇదే. చుట్టుపక్కల ఇళ్ల కరెంటంతా మీ గుంత గుండా తిరగడం మొదలవుతుంది, మీ ఫ్రిజ్ రేకు వీధి మొత్తానికి దారి అవుతుంది.

ఇక చట్టం మాట, ఖర్చు మాట కూడా చెప్పుకోవాలి. 1956 నాటి భారత విద్యుత్ నియమాలే వినియోగదారు ఇంటి దగ్గర ఎర్త్ కోసం ఒక టెర్మినల్‌ను సరఫరాదారు ఏర్పాటు చేసి కాపాడాలన్నాయి. న్యూట్రల్‌లో విడిగా ఫ్యూజు పెట్టకూడదన్నాయి, ఎందుకంటే అది పోతే న్యూట్రల్ తెగినట్టే. కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010లో, మళ్లీ 2023లో భద్రతా నిబంధనలు తెచ్చి భూమిలోకి లీకయ్యే కరెంటును కనిపెట్టే రక్షణను ఒక స్థాయి దాటిన కనెక్షన్లకు తప్పనిసరి చేసింది. ఎర్తింగ్ ఎలా చేయాలో భారతీయ ప్రమాణం ఐఎస్ 3043 వివరంగా చెబుతుంది. కాగితం మీద లోటు లేదు. చాలా విడి ఇళ్లకు స్తంభం నుంచి వచ్చేవి మాత్రం రెండే తీగలు. ఈ పరిస్థితిలో జంపర్ వేసిన కార్మికుణ్ని ఒక్కణ్నే నిందించి లాభం లేదు. గుంతకూ ఆర్‌సీసీబీకీ అయ్యే ఖర్చు ఇంటి గోడలకు వేయించే రంగుల ఖర్చులో చిన్న భాగం, అది పెట్టనన్న ఇంటి యజమానిదీ బాధ్యతే.

కంప్యూటర్ డబ్బా, ల్యాప్‌టాప్ రేకు ముట్టుకుంటే సన్నగా జివ్వుమనడం గురించి కూడా ఒక మాట, ఎందుకంటే జంపర్లు ఎక్కువగా వేయించేది అదే. ఆ పరికరాల్లో విద్యుత్ గోలను వడకట్టడానికి ఫేజు నుంచీ న్యూట్రల్ నుంచీ రేకుకు చిన్న కెపాసిటర్లు ఉంటాయి. ఎర్త్ లేకపోతే రేకు మధ్యస్థంగా వంద వోల్టుల దగ్గర తేలుతుంది, కానీ కెపాసిటర్ల గుండా వచ్చే కరెంటు సాధారణంగా ఒక మిల్లీఆంపియర్‌కు అటూ ఇటూ. దానితో చావరు. ఎర్త్ లేదని అది చెబుతోంది, వినాలి. ఆ చెప్పే నోరు మూయించడానికి న్యూట్రల్ తగిలించడం మాత్రం ఆ కాస్త ఇబ్బందిని తీసి 230 వోల్టులకు ద్వారం తెరవడం. పూర్తిగా ప్లాస్టిక్ తొడుగుతో, చదరంలో చదరం గుర్తుతో వచ్చే పరికరాలకు ఎర్త్ అవసరమే లేదు, వాటికి రెండు పిన్నులు చాలు. రంగుల విషయంలో ఒక జాగ్రత్త: పరికరాల తీగల్లో నీలం అంటే న్యూట్రల్, మన పాత మూడు ఫేజుల వైరింగులో నీలం అంటే ఫేజు. ఎలక్ట్రీషియన్‌కి ఇది తెలుసు, తెలియాలి, కానీ అతన్ని పిలవకుండా సొంతంగా ప్లగ్గు మార్చుకునేవారికి తెలియకపోవచ్చు.

ఈ వారంలో ఒక పని చేయండి. లైసెన్సున్న ఎలక్ట్రీషియన్‌ని పిలిచి, మెయిన్ ఆపించి, ఫ్రిజ్, గీజరు, వాషింగ్ మెషీన్, మోటారు స్టార్టర్ ఉన్న బోర్డులు విప్పి చూపించమనండి. న్యూట్రల్ స్క్రూ నుంచి ఎర్త్ స్క్రూకి తీగ ముక్క కనిపిస్తే అక్కడికక్కడే తీయించండి. గుంత లేకపోతే తవ్వించి ఎర్త్ టెస్టరుతో కొలిపించండి. ఆర్‌సీసీబీ లేకపోతే పెట్టించండి, ఉంటే దాని మీద 'టీ' అని రాసి ఉన్న మీట నొక్కి పడుతుందో లేదో చూడండి. పడకపోతే దాన్ని మార్చాలి. పెట్టిన రోజే పడిపోవడం మొదలుపెడితే దాన్ని తీసేయమనకండి, ఎందుకు పడుతోందో వెతకమనండి.